మూడో వాకిలి

చచ్చిపోయిన లైన్‌మన్ తిప్పేష్‌కు నోరు లేదు. కంప్యూటర్‌కు మొదటినుంచీ లేదు. అందుకని తప్పంతా నోరున్న లావణ్య మీద పడింది. ఆ పిల్ల ఆదివారం నుంచి ఒకటే మాట చెబుతోంది, వినే నాథుడే లేడు. నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఈ మధ్యాహ్నం మూడు గంటలకు రాయదుర్గం కోర్టులో నిలబెడతారు. ఆ తర్వాత జైలు.

డిటెక్టివ్ ఈశ్వరి స్టేషన్‌కు వచ్చేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గుంతకల్లులో రైల్వే పోలీసు ఎస్సైగా పనిచేసి, పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలేసి, అనంతపురంలో సొంతంగా పరిశోధన ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. ఎదుటివాళ్ళు అబద్ధమాడితే ఓర్చుకుంటుంది గానీ, "అదేదో కంప్యూటర్ పొరపాటండీ" అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. లావణ్య నాయన తెల్లవారకముందే వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని, కేసు గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఏడ్చాడు. ఈశ్వరి ఫీజు మాట ఎత్తకుండా బయలుదేరింది.

ఆడ కానిస్టేబుల్ కాపలాగా ఉన్న వెనక గదిలో లావణ్య బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, నీళ్ళ పథకం కంపెనీలో కంప్యూటర్లు చూసే పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, పక్కన పెట్టిన ఇడ్లీ పొట్లం విప్పనే లేదు.

"నాకు కంప్యూటర్ రాదు పాపా," అంది ఈశ్వరి ఎదురుగా కూర్చుంటూ. "రానిదానికి చెప్పినట్లే చెప్పు."

లావణ్య తలెత్తింది. "ఒక పెద్ద ఇల్లు అనుకోండి మేడమ్. అది సర్వర్. దాంట్లో ఒక్కో పంపుకు ఒక్కో గది. ఆ గదినే వర్చువల్ మిషన్ అంటారు. చేత్తో పట్టుకునే మిషన్ కాదు, కానీ మిషన్ చేసే పనంతా చేస్తాది. ఒక్కో గదికి రెండు వాకిండ్లు. అంటే రెండు నెట్‌వర్క్ కార్డులు. వాకిలి అనేది నా మాట కాదు, ఈడ లైన్‌మన్లంతా అట్లే అంటారు. ముందర వాకిలి ఆఫీసుకు. ఎన్ని నీళ్ళు పోయినాయో దాంట్లోంచి తెలుస్తాది. పెరటి వాకిలి పంపుకు. సంపు, అంటే ఊరికి నీళ్ళు పోయే తొట్టి, ఖాళీ అయితే మిషనే చూసుకుని, నింపమని పెరటి వాకిట్లోంచి పంపుకు 'నడువ్' అని ఆర్డరు పంపుతాది."

"ఆదివారం నువ్వు చేసిందేంది?"

"పాత సర్వర్ ఎండలకు తట్టుకోలేక మాటిమాటికీ పడిపోతా ఉన్నింది. కొత్తది తెప్పించినారు. ఒక్కో గదినీ చేత్తో మార్చాలంటే వారం పడతాది, అన్నాళ్ళు పల్లెల్లో నీళ్ళుండవు. అందుకని స్క్రిప్టు రాసినా, అంటే కంప్యూటర్ చేయాల్సిన పనుల పట్టీ. ఒకసారి నడిపితే అదే వరసగా చేసుకుంటా పోతాది. పాత ఇంట్లో గదిని నిలిపేసి, కొత్త ఇంట్లోకి తెచ్చి, దాని రెండు వాకిండ్లూ మళ్ళా దాని దారులకే తగిలించి, నడిపిస్తాది. ఆదివారం మధ్యాన్నానికి అన్నీ అయిపోయినాయి."

"మధ్యాన్నానికే తిప్పేష్ కూడా అయిపోయినాడు."

అన్నాక ఈశ్వరికే ఆ మాట కటువుగా తోచింది. లావణ్య మాత్రం తల దించుకోలేదు.

"అందరూ అదే అంటాండారు మేడమ్. లైన్‌మన్ సంపులోకి దిగేముందు కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తాడు, 'పెరటి వాకిలి మూయండి' అని. వాళ్ళు ఆ కార్డు తీసేస్తారు. ఇంక ఆర్డరు పంపుకు చేరదు. పంపుల కాడ ఉండాల్సిన స్విచ్చి పెట్టెలు ఎప్పుడో కాలిపోయినాయి. కొత్తవి పెట్టండని ఎన్నిసార్లు అడిగినా పెట్టలేదు, ఈ అలవాటు చేసుకున్నారు. యా రూల్సులోనూ లేదిది. నా స్క్రిప్టు మిషన్లను మార్చేటప్పుడు అన్ని వాకిండ్లూ తెరిచేసిందని, తిప్పేషన్న లోపల ఉండగా పంపు నడిచిందని కేసు."

"తెరిచిందా?"

"మొదట రాసింది తెరిచేదే. నిజం చెప్తాండా. శనివారం తిప్పేషన్న వచ్చి నా పక్కన నిలబడి, 'పాపా, మేము లోపల ఉన్నప్పుడు మార్చితే మా గతేమి?' అని అడిగినాడు. అప్పటిదాకా నాకు ఈ అలవాటు తెలీదు. ఆ పొద్దే ఆయన ముందరే ఇంకో రెండు వరసలు రాసినా. వాకిలి మూసుంటే మూసే ఉంచు, తెరిచుంటే తెరిచే ఉంచు అని."

"పోలీసుల దగ్గరున్న స్క్రిప్టులో అవి లేవంట."

"అది మేనేజరు సుదర్శన్ సార్ ఇచ్చింది. నా ల్యాప్‌టాప్ కంపెనీది, ఆయనే తీసేసుకున్నాడు." లావణ్య ఇడ్లీ పొట్లాన్ని ఇంకా పక్కకు జరిపింది. "రాసినట్లు బాగా గుర్తుండాది మేడమ్. కానీ ఇంతమంది లేదంటాంటే, నిజంగా రాసినానా, రాసినాననుకున్నానా అని నాకే అనుమానం వస్తాంది."

చెయ్యని తప్పును చేశానేమో అనుకునేదాకా మనిషిని తేవడం స్టేషన్లలో ఈశ్వరి చాలాసార్లు చూసింది. చూసినప్పుడల్లా ఇట్లాగే అసహ్యం పుడుతుంది.

"మార్చేటప్పుడు యాడన్నా తేడా కనపడిందా? చిన్నదైనా సరే."

"అన్నిటికీ రెండేసి కార్డులు మేడమ్. పూలకుంట మిషన్‌కు మాత్రం మూడుండాయి. నా స్క్రిప్టు రెండిటికే రాసింది, దాని కాడ నిలబడిపోయింది. మూడోది యాడికి పోతాదని సార్‌ను అడిగితే, 'అది పాత కాలందిలే, వదిలేయ్, రెండే తీసుకో' అన్నాడు. వదిలేసినా."

తిప్పేష్ చచ్చిపోయింది పూలకుంట సంపులోనే.

ఈశ్వరి లేచి ఇడ్లీ పొట్లం విప్పి లావణ్య చేతిలో పెట్టింది. "తిను. మూడు లోపల వస్తా."

*

గుమ్మఘట్ట దారిలో, నీళ్ళ పథకం నడిపే కంపెనీ కంట్రోల్ రూము ముందు పోలీసు జీపు అప్పటికే ఆగి ఉంది. సీఐ నల్లప్ప వరండాలో కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతున్నాడు. ఈశ్వరికీ ఇతనికీ గుంతకల్లు నాటి బాకీ ఒకటుంది. రైల్వే రాగి తీగల దొంగల్ని ఆమె పట్టుకుంటే, పేపర్లో ఫోటో ఇతనిది పడింది.

"ఏమమ్మా ఈశ్వరీ, రైలు తప్పిపోయి ఈ పక్కకొచ్చినావా?"

"నువ్వు తప్పిపోయినావని తెలిసి, దారి చూపిద్దామని వచ్చినా సార్."

నల్లప్ప నవ్వలేదు. "ఆ పిల్ల తప్పు ఒప్పుకోవాల్సిందే. స్క్రిప్టు చదివించినా. అన్ని వాకిండ్లూ తెరువ్ అని రాసుండాది. ఇంకేం కావాల?"

"ఆదివారం నడిచిందీ, నువ్వు చదివిందీ ఒకటేనని ఎవురు చెప్పినారు?"

"మేనేజరు చెప్పినాడు."

"ఆయప్ప చెప్పినాడని నువ్వు నమ్మినావు. పాప చెప్తే మాత్రం నమ్మవు."

మేనేజరు సుదర్శన్ గడప దగ్గరే నిలబడి ఇదంతా విన్నాడు. రాయదుర్గంలో పేరున్న వ్యాపారస్తుల ఇంటి మనిషి. నలభై దాటినవాడు, చొక్కా మడత నలగదు. మాట కూడా అంతే. "లోపలికి రండి మేడమ్. మా దగ్గర దాచేదేమీ లేదు," అన్నాడు మర్యాదగా. అడక్కముందే దాచలేదనేవాళ్ళను ఈశ్వరి రైల్వేలో చాలామందిని చూసింది.

లోపల ఆపరేటర్ కుళ్ళాయప్ప స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, ఆదివారం డ్యూటీ అతనిదే. కళ్ళు ఎర్రబడి, గడ్డం మాసి, కుర్చీ అంచున కూర్చున్న తీరు చూస్తే ఎవరో లేచి పొమ్మంటారని ఎదురుచూస్తున్నట్టుంది.

"తిప్పేష్ నీకు ఫోన్ చేసినాడా అన్నా?"

"చేసినాడు మేడమ్, పొద్దున్నే. సంపు వదిలేసి ఖాళీ చేసినా, కడిగేదానికి దిగుతా, పెరటి వాకిలి మూయ్ అన్నాడు. మూసినా. మూసినా అని చెప్పినాకనే దిగినాడు."

"స్క్రిప్టు నడిచినాక చూసినావా?"

"చూసినా. కొత్త మిషన్‌లో కూడా మూసే ఉన్నింది."

"పంపు నడిచి మనిషి చచ్చిపోయినాక, భయపడి నువ్వే మూసింటావు," అన్నాడు నల్లప్ప వెనకనుంచి. కుళ్ళాయప్ప ఏదో చెప్పబోయి, నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం ఈశ్వరి కంట పడింది.

ఆమె స్క్రీన్ మీదికి వంగింది. పంపుల పేర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన రెండు చిన్న గళ్ళు. అన్నీ పచ్చగా ఉంటే రెండు పేర్ల దగ్గర మాత్రం రెండో గడి బూడిదరంగులో ఉంది. ఒకటి పూలకుంట. రెండోది ఎర్రమిట్ట.

"ఈ ఎర్రమిట్ట వాకిలి యాల మూసినారు?"

"ఆడ మోటారు కాలిపోయింది మేడమ్. రీవైండింగ్‌కు పోయి చాన్నాళ్ళాయ. ఇంకా రాలేదు. మోటారు పోయిన పొద్దే వాకిలి మూసినా."

"అంటే ఆదివారం స్క్రిప్టు నడిచేనాటికి ఇదీ మూసే ఉన్నింది. తెరువు చూద్దాం."

"తెరిస్తే గంట మొత్తుకుంటాది మేడమ్."

"మొత్తుకోనీ."

కుళ్ళాయప్ప గడి మీద నొక్కాడు. గడి పచ్చబడింది. నిమిషం గడిచిందో లేదో, గోడ మీది గంట చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలుపెట్టింది. మిషన్ పంపును నడవమంది, లేని మోటారు పలకలేదు, గంట మోగింది. వరండాలోని కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు. కుళ్ళాయప్ప వాకిలి మళ్ళీ మూసేసరికి గంట ఆగింది.

ఈశ్వరి నల్లప్ప వైపు తిరిగింది. "ఆదివారం స్క్రిప్టు అన్ని వాకిండ్లూ తెరిచింటే ఈ గంట ఆ పొద్దే మోగింటాది. ఆదివారం సాయంత్రం నువ్వు ఈడే కూర్చుని పంచనామా రాయిస్తాంటివి కదా సార్. నీ చెవిన పడిందా?"

నల్లప్ప గోడ మీది గంట వైపు చూశాడు. మొండివాడే గానీ మొద్దు కాదు. ఆమెకు అతని మీద కోపం ఉన్నా, ఆ సంగతి మాత్రం ఒప్పుకోక తప్పదు.

"సరే," అన్నాడు చివరికి. "స్క్రిప్టు తెరవలేదనుకుందాం. కుళ్ళాయప్పా తెరవలేదనుకుందాం. అయితే పంపు ఎట్లా నడిచింది? దయ్యం నడిపిందా?"

"టెక్నికల్‌గా చాలా కారణాలు ఉండొచ్చు సార్," అన్నాడు సుదర్శన్. "కరెంటు హెచ్చుతగ్గులు..."

"కరెంటు మాట నాకు చెప్పొద్దు." నల్లప్ప టోపీ పెట్టుకున్నాడు. "పూలకుంట సంపులోకి ఇంకేదన్నా పైపు వస్తాందేమో చూడాల. ఇప్పుడే ఖాళీ చేయించి నేనే దిగుతా. ఏమప్పా మేనేజరూ, ఏమన్నా అభ్యంతరమా?"

సుదర్శన్ గొంతు సవరించుకున్నాడు. "లేదు సార్."

"కుళ్ళాయప్పా, ఆ వాకిలి మూసే ఉండనీ. నేను పైకొచ్చి చెప్పేదాకా ముట్టుకోవద్దు."

తిప్పేష్ పోయినప్పటినుంచీ పూలకుంటలో ఆ సంపు నీళ్ళు ఎవరూ ముట్టుకోవడం లేదు. నిండిన సంపు నిండినట్టే ఉంది, ఊరికి ట్యాంకర్లు తోలుతున్నారు. నల్లప్ప ఒక కానిస్టేబుల్‌ను ఇక్కడే వదిలి, ఇంకొకతన్ని వెంటబెట్టుకుని జీపెక్కాడు.

*

గంటకు పైగా రికార్డులు తిరగేసి, ఈశ్వరి బయటికొచ్చి భవనం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనక పక్క గోడవార నేల తడిగా ఉంది. ఈ నేల మీద వర్షం పడి ఏడాది కావొస్తోంది. ఆ తడిలో మూడు పిచ్చుకలు ముక్కులు పెట్టి తాగుతున్నాయి. పైన చూస్తే ఏసీ పెట్టె గిర్రున తిరుగుతూ, పైపులోంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుస్తోంది. ఆ వెనక గది కిటికీకి అట్ట అడ్డం పెట్టారు. తలుపుకు తాళం.

ఆమె గట్టిగా పిలిచింది. సుదర్శన్, కుళ్ళాయప్ప, కానిస్టేబుల్ ముగ్గురూ వచ్చారు.

"ఈ గదిలో ఏముండాది?"

"పాత సర్వర్ మేడమ్. పాత ఇనుము," అన్నాడు సుదర్శన్. "ఆదివారమే కరెంటు తీసేశాం. తాళంచెవి అనంతపురం ఆఫీసులో ఉంది."

"కరెంటు తీసేసిన ఇనుముకు ఏసీ యాలప్పా?"

సుదర్శన్ పిచ్చుకల వైపు చూశాడు. కుళ్ళాయప్ప మొహం పాలిపోయింది. "ఆదివారమే నిలిపేసినామని చెప్పినారు కదా సార్," అన్నాడు నెమ్మదిగా.

ఈశ్వరి అక్కడ పడున్న ఇనుప కడ్డీ తీసి తాళంలో దూర్చి ఒక్క ఊపు ఊపింది. కొక్కెం చెక్కతో సహా ఊడొచ్చింది. లోపల చలి. బీరువా అంత సర్వర్, దాని మీద పచ్చ దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. చచ్చిందన్న మిషన్ సుబ్బరంగా బతికుంది.

కుళ్ళాయప్ప పక్కనున్న స్క్రీన్ తిప్పాడు. పేర్లన్నీ నల్లగా ఉన్నాయి, ఆగిపోయిన మిషన్లు. ఒక్క పేరు మాత్రం పచ్చగా వెలుగుతోంది.

"పూలకుంట," అన్నాడతను. "ఈ మిషన్‌ను పాప నిలిపేసి కొత్త సర్వర్‌కు తీసుకుపోయింది మేడమ్. తర్వాత ఎవురో దీన్ని మళ్ళా నడిపించినారు. ఒకే పేరు మిషను రెండు చోట్లా ఉండాది. ఆడ వాకిలి మూసుండాది, ఈడ..." వేలు పెట్టి చూపించాడు. "ఈడ మూడు వాకిండ్లూ తెరిచుండాయి."

"మూడోది యాడికి పోతాంది?"

కుళ్ళాయప్ప చదివాడు. రాయదుర్గం రోడ్డులో నీళ్ళ బాటిళ్ళ ఫ్యాక్టరీ పేరు. ఆ ఫ్యాక్టరీ సుదర్శన్ బావమరిదిదని అతనే చెప్పాడు. పూలకుంట సంపులోంచి దానికొక రహస్య పైపు, ఆ పైపు వాల్వు తిప్పడానికి ఈ మూడో వాకిలి. లావణ్య స్క్రిప్టు రెండే తీసుకుపోయింది. ఆదివారం వాల్వు పలకలేదు. పలకాలంటే పాత మిషన్‌ను లేపాలి. లేపితే దాంతోపాటు పెరటి వాకిలీ తెరుచుకుంది. సంపు ఖాళీగా ఉందని ఆ మిషన్ చూసింది. ఖాళీ సంపులో మనిషున్నాడని దానికేం తెలుసు. నడువ్ అంది.

ఈశ్వరికి ఇదంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ వెంటనే ఇంకోటి కూడా తోచింది. పోలీసుల భయానికి వాల్వు తిప్పక ఆదివారం నుంచి సంపు నిండే ఉంది, ఇప్పుడు మళ్ళీ ఖాళీ అవుతోంది.

నల్లప్పకు ఫోన్ చేసింది. అతనితో పోయిన కానిస్టేబుల్ ఎత్తాడు. "సార్ ఇప్పుడే దిగినాడు మేడమ్. ఫోన్ నా చేతికిచ్చి..."

"పైకి రమ్మను. బిరీన. పంపు నడవబోతాంది."

"సార్, పైకి..." అన్న కానిస్టేబుల్ గొంతు సగంలో తెగిపోయింది. వెనక పెద్ద హోరు. "నీళ్ళు మేడమ్. నీళ్ళొస్తాండాయి. సార్ కనపడ్డంలేదు."

ఈశ్వరి సర్వర్ కరెంటు తీగ మీద చెయ్యి వేసింది. కుళ్ళాయప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్. అది పీకితే నడువ్ అన్నోడు పోతాడు. కానీ ఆగు అని చెప్పేవోడు కూడా పోతాడు. పంపు నడుస్తానే ఉంటాది."

"అయితే దీంట్లోంచే ఆపు."

"పాస్‌వర్డు మార్చినారు."

ఈశ్వరి సుదర్శన్ వైపు చూసింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెదాలు కదిలాయి గానీ అక్షరం బయటికి రాలేదు. కానిస్టేబుల్ అతని కాలరు పట్టుకుని కుదిపినా అంతే. అతన్నుంచి ఏదైనా రాబట్టేలోపు అక్కడ మనిషి మిగలడు.

"ఇంకో దారి చెప్పు అన్నా."

"కొత్త మిషన్ పెరటి వాకిలి తెరిచి, ఆగు అని నేనే చేత్తో పంపొచ్చు. అదే సమయానికి మీరు ఈ తీగ పీకాల. లేకుంటే ఇది మళ్ళా నడిపిస్తాది." కుళ్ళాయప్ప కదల్లేదు. "కానీ లోపల మనిషుంటే వాకిలి తెరవకూడదు మేడమ్. ఇంతవరకు నేను తెరవలేదు. తిప్పేష్ అదే చెప్పేవోడు, ఏమైనా కానీ తెరవద్దన్నా అని."

"అన్నా, మూసిన వాకిలి ఆయప్పను కాపాడ్డంలేదు. తెరువు."

అతను పరిగెత్తాడు. ఈశ్వరి తీగ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చెవికి నొక్కుకుని నిలబడింది. హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆమెకు నల్లప్ప మీద ఎన్నేళ్ళ కోపమో ఉంది. ఇప్పుడు మాత్రం అతను బతికితే చాలు, పేపర్లో ఎన్ని ఫోటోలైనా వేయించుకోనీ అనిపించింది.

"పీకండి," అని ముందర గదిలోంచి కేక. పీకింది. దీపాలన్నీ ఆరిపోయాయి, ఫ్యాన్ల చప్పుడు సన్నగిల్లి ఆగింది. ఫోన్లో హోరు ఇంకా వినిపిస్తూనే ఉంది. తర్వాత తగ్గింది. తర్వాత లేదు.

చాలాసేపటికి దగ్గు వినిపించింది. తర్వాత నల్లప్ప గొంతు.

"నిచ్చెన పట్టు జారిపోయింది. పైపు పట్టుకుని వేలాడినా." ఇంకాసేపు దగ్గాడు. "వాకిలి మూసే ఉన్నిందా ఈశ్వరీ?"

"మూసే ఉన్నింది. నా కండ్లతో చూసినా. పాత సర్వర్‌లో ఇంకో మిషను బతికుండాది. మేనేజరే బతికించినాడు." క్లుప్తంగా చెప్పింది.

సుదర్శన్ అప్పుడు నోరు విప్పాడు. "ఆదివారం లోపల మనిషున్నాడని నాకెవరూ చెప్పలేదు. ఈ వాకిలి మూసే అలవాటే నాకు తెలియదు. నేనెవర్నీ చంపలేదు."

"ఆదివారం తెలీదు, సరే," అంది ఈశ్వరి. "ఈ పొద్దు తెలుసు కదా. దిగుతానని నీ మొహం మీదే చెప్పి పోయినాడు కదా."

కానిస్టేబుల్ సుదర్శన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఫోన్లో నల్లప్ప ఇంకా ఉన్నాడు. "ఈ పొద్దు జరిగినదానికి నేనే సాక్షి. కానీ కేసు ఆదివారందమ్మా. ఆ పొద్దు కూడా పంపు నడిచేటప్పుడు కొత్త మిషన్ వాకిలి మూసే ఉన్నిందని ఎవురు చెప్తారు? కుళ్ళాయప్ప తర్వాత మూసినాడని మేనేజరు లాయరు అంటాడు. మళ్ళా ఆ పిల్ల మెడకే చుట్టుకుంటాది. మూడింటికి కోర్టు. నేనేం చెప్పాల?"

ఈశ్వరి కాసేపట్లో చేస్తానని ఫోన్ పెట్టేసింది. ముందర గదిలోకి వెళ్ళింది. కుళ్ళాయప్ప స్క్రీన్ ముందే కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది.

"ఆగిపోయింది అన్నా. ఆయప్ప బతికినాడు."

"ఎంతసేపు పట్టింది మేడమ్ నాకు?"

"యాడ? రెండు నిమిషాలు కూడా లేదు."

కుళ్ళాయప్ప తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. "ఆదివారం నాకు ఫోన్ వచ్చింది మేడమ్."

ఈశ్వరి కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"తిప్పేష్ పెండ్లాం మల్లీశ్వరి. అన్నం తెచ్చింది ఆయమ్మ సంపు కాడికి. 'అన్నా, నీళ్ళొస్తాండాయి, నిలుపన్నా' అనింది. నేను చూసినా. వాకిలి మూసే ఉన్నింది. మూసుంటే నీళ్ళు యాడనుంచి వస్తాయి? 'మూసే ఉండాదమ్మా, రావు, పో' అని పెట్టేసినా. మళ్ళా చేసింది. తిక్క మాటలు మాట్లాడతాందని ఎత్తలేదు." చెయ్యి మౌస్ మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తెరిచింటే ఆపగలిగింటి మేడమ్. మంచి పని చేస్తాండాననే తెరవలేదు."

"ఇది నల్లప్పకు చెప్పలేదా?"

"చెప్తే తప్పు నాదవుతాది. చెప్పలేదు. ఆయమ్మను ఎవురూ అడగలేదు. ఏడ్చేదాన్ని ఏమడిగేది అనుకున్నారు."

పొద్దుటినుంచి తనూ అడగలేదని ఈశ్వరికి గుర్తొచ్చింది, సిగ్గేసింది. కోప్పడదామంటే కోపం రాలేదు. ఈ మనిషి నోరు మూసుకున్నందుకే లావణ్య లాకప్పు చూసింది. ఇప్పుడు నోరు తెరిస్తేనే బయటికి వస్తుంది. ఫోన్ కంపెనీ దగ్గర ఆ కాల్ వివరం దొరుకుతుంది, మల్లీశ్వరి చెబుతుంది, పంపు నడుస్తుండగా వాకిలి మూసే ఉందని తేలిపోతుంది. దాంతోపాటు, ఆపగలిగి కూడా ఆపనిదెవరో తేలిపోతుంది.

"ఇది చెప్తే ఆ పాప ఇంటికి పోతాదా మేడమ్?"

"పోతాది."

తనకేమవుతుందని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు.

కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. పూలకుంట పేరు పక్కన తెరిచి ఉన్న వాకిలిని ఒకసారి చూసి, మూశాడు. "అయితే కోర్టుకు పోదాం. కానీ మొదట మల్లీశ్వరి ఇంటికి పోవాల. నేను ఫోన్ ఎందుకు పెట్టేసినానో ఆయమ్మ కోర్టులో నిలబడి వినకూడదు. నేనే చెప్పాల."

మూడింటికి ఇంకా కొంచెం సమయముంది. ఈశ్వరి కారు తలుపు తెరిచి పట్టుకుంది. ఎక్కేముందు కుళ్ళాయప్ప గడప మీద ఆగి, ఆ ఇంట్లో పిల్లలు ఎంతమందో మీకు తెలుసా మేడమ్ అని అడిగాడు. తెలియదంది ఆమె. తనకు తెలుసన్నాడు, పేర్లు కూడా తెలుసన్నాడు, కారెక్కి కూర్చున్నాడు.